చంద్రుడి వెనక ఒక్క సూదిమందు

పదహారో పగలు, పొద్దు పొడిచిన రోజు

తూర్పు గట్టు మీద సూర్యుడు కనిపించాడు. ఇక రెండు వారాల దాకా దిగడు. ఇక్కడ పగలంటే రెండు వారాలు, చీకటంటే ఇంకో రెండు వారాలు. నేను వచ్చాక ఇది పదహారో పగలు.

చీకట్లో బిగుసుకుపోయిన యాంటెన్నాల కీళ్లు మెల్లగా విడతాయి. ఈలోగా బయటి సూటు తొడుక్కుని, కుంచె పట్టుకుని వాటి మీది దుమ్ము దులుపుతాను. చంద్రుడి దుమ్ము మన దుమ్ములా ఎగిరిపోయేది కాదు. గాజు పొడిలా గుచ్చుకుని పట్టుకుంటుంది. మూడు వరసలు దులిపేసరికి ఒక పూట గడిచింది.

లోపలికొచ్చి బరువు చొక్కా వేసుకున్నాను. పేరుకే చొక్కా, నిజానికి సీసం పలకలు కుట్టిన కోటు. భూమి మీదైతే ఇద్దరు పట్టి లేపాలి. ఇక్కడ ఒంటిచేత్తో తగిలించుకుంటాను. దాని మీద రబ్బరు పట్టీలు బిగించుకుని నడక పట్టా ఎక్కాలి. పట్టీలు కిందికి లాగుతుంటే అడుగు అడుగుకీ మడమ నేలకి గట్టిగా తగలాలి. తేలికగా బతికే చోట ఎముక తన అవసరం తీరిపోయిందనుకుని కరిగిపోతుందని డాక్టరు ఫర్హానా గారు మొదటి రోజే చెప్పారు.

చంద్రుడి వెనక వైపున్న ఈ కేంద్రంలో నేనొక్కదాన్నే. యాంటెన్నాలు వినేది ఎక్కడో ఆకాశపు లోతుల్లోంచి వచ్చే సన్నటి చప్పుడు గనక, మేం రేడియో వాడకూడదు. వారానికొకసారి మాత్రం భూమితో కాసేపు మాట్లాడనిస్తారు. మిగిలిన రోజుల్లో నాకున్న మనిషి గొంతు ఒక్కటే. పడమటి కేంద్రానికి నేల మీద పరిచిన ఫోను తీగకు అటు చివర బోర సింహాచలం ఉంటాడు. విశాఖ రేవులో క్రేను నడిపిన మనిషి. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. ఓడలో కలిసి వచ్చినప్పుడు తప్ప ఆయన ముఖం నేను చూసింది లేదు.

"సెల్లెమ్మా, పట్టా ఎక్కినావేటి?"

"ఎక్కి దిగా. నువ్వో?"

"నానూ ఎక్కీసినాను, దిగీసినాను."

"ఆయాసం లేదే నీ గొంతులో."

"ఓలమ్మో, ఆడపోలీసు!" అని పెద్దగా నవ్వాడు. సింహాచలం అన్న నవ్వితే తీగ ఇటు చివర కూడా గరగరమంటుంది. ఆ నవ్వు ఆగిపోయాక గాలి మర చప్పుడు తప్ప ఇంకేం ఉండదు.

పదహారో పగలు, మధ్యలో

ఇవాళ భూమితో మాట్లాడే రోజు. నేనన్న మాట అటు చేరి జవాబు రావడానికి రెండు మూడు క్షణాలు పడుతుంది. ఆ కాస్త ఖాళీకి ఇప్పటికీ అలవాటు పడలేదు. ఎదుటివాళ్లకు నా మీద కోపం వచ్చిందేమో అనిపిస్తుంది.

"సలోమి గారూ, తుంటి దగ్గర ఎముక ఇంకొంచెం పలచబడింది. వెన్ను ఫరవాలేదు. రాగిజావ తాగుతున్నారా?"

"తాగుతున్నానండీ. ట్రేలో తోటకూర కూడా బాగా వస్తోంది."

"తోటకూరలో కాల్షియం ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. నువ్వులు, మునగాకు పొడి మానకండి. డి విటమిను మాత్ర మర్చిపోవద్దు. అక్కడ ఎండ గాజు అవతలే కదా."

నాకు ముప్పు ఎక్కువని వాళ్లకు మొదటి నుంచీ తెలుసు. ముప్పై ఆరేళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. మా నిజాంపట్నంలో ఆ రోజుల్లో కడుపు నొప్పి అంటే చాలు, ఆపరేషనే. ఆ తర్వాత ఉబ్బసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగాను. మా అమ్మ స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుని, మంచమెక్కి మళ్లీ దిగలేదు. ఇన్ని ఉన్నా నన్ను తీసుకున్నారంటే దానికో లెక్క ఉంది. ఇక్కడి కిరణాలు చేసే చెడుపు బయటపడటానికి పాతికేళ్లు పడుతుంది. అందుకని యాభై దాటినవాళ్లనే ఏరుతారు. పైగా నేను హార్బరు వైర్‌లెస్ గదిలో ఏళ్ల తరబడి ఒంటరిగా కూర్చున్న మనిషిని. ఎముకల సంగతి సూదిమందుతో చూసుకుంటామన్నారు.

ఆరు నెలలకొకసారి పొట్ట మీద చర్మంలోకి వేసుకునే మందు అది. పనిచేస్తున్నంత కాలం ఎముకకు కాపలా కాస్తుంది. టైముకు పడకపోతే మాత్రం అన్నాళ్లూ ఆగిన అరుగుదల ఒక్కసారిగా మీద పడుతుంది. వెన్నుపూసలు వాటంతటవే నలిగిపోయినవాళ్లున్నారు. నాకూ సింహాచలం అన్నకూ తర్వాతి మోతాదు వచ్చే పగటిలోగా పడాలి.

"మందు తెచ్చే కాప్సూలు బయల్దేరిందాండీ?"

రెండు మూడు క్షణాలు.

"వచ్చే వారం బయల్దేరుతుందంటున్నారు."

పోయిన వారం కూడా ఇదే మాట చెప్పారు.

పదిహేడో పగలు, పొద్దు పొడిచాక కొన్నాళ్లకు

కాప్సూలు రాలేదు. మందు టైము దాటుతోంది.

ఇప్పుడు నా ఒంటితో నేను గాజు సామాను మోసుకెళ్తున్నట్టు మెలుగుతున్నాను. నేల మీద అడ్డంగా ఉన్న తీగలన్నీ గోడవార తోశాను. నిచ్చెన మెట్లకు గరుకు టేపు చుట్టాను. బల్లల మొనలకు పాత ప్యాకింగు స్పంజీ అంటించాను. అడుగు జారని చెప్పులు లేకుండా పడక దిగడం మానేశాను. తేలికగా ఉన్న చోట పడితే ఏమవుతుందిలే అని మొదట్లో అనుకునేదాన్ని. ఒంటి బరువు తగ్గుతుంది గానీ గోడ గట్టిదనం తగ్గదు. విసురుగా వెళ్లి తగిలితే విరిగేది మనమే.

సింహాచలం అన్న పట్టా ఎక్కకుండా ఎక్కానని చెబుతుండటంతో ఒక ఉపాయం చేశాను. ఇద్దరం ఒకే వేళకు నడవాలి, ఫోను పట్టా పక్కనే పెట్టాలి. నా అడుగులు ఆయనకు, ఆయన అడుగులు నాకు వినపడాలి.

"మనిషిని నమ్మవు గదా," అన్నాడు.

"నమ్ముతా. చప్పుడైతే ఇంకాస్త బాగా నమ్ముతా."

మొదట విసుక్కున్నాడు. తర్వాత తనే ముందు ఫోను చేసి పిలుస్తున్నాడు. నడుస్తూ కబుర్లు చెబుతాడు. భార్య వరహాలమ్మ పోయాక ఇంట్లో పొయ్యి వెలిగించింది లేదట. రేవు క్యాంటీన్లో తినేవాడట. "ఇక్కడికొచ్చినాకే నాను వంట నేర్సుకున్నాను సెల్లెమ్మా. సెందురుడి మీదకొచ్చి సారు కాసుకుంటన్నాను," అని నవ్వాడు.

ఆ చప్పుడు వింటూ నడుస్తుంటే గదిలో ఇంకో మనిషి ఉన్నట్టే ఉంటుంది. ఫోను పెట్టేశాక గది ముందుకన్నా పెద్దదైపోతుంది.

పదిహేడో పగలు, పొద్దు వాలుతుండగా

కాప్సూలు దిగింది. దిగిందనకూడదు, పడింది. నా కేంద్రానికి ఉత్తరాన ఒక బండను గుద్దుకుని పక్కకు ఒరిగింది. రోవరు తీసుకుని వెళ్లి పెట్టెలన్నీ మోసుకొచ్చాను. పిండి, పప్పులు, నీటి వడపోతలు బాగానే ఉన్నాయి. మందుల పెట్టె ఒక మూల నొక్కుకుపోయింది.

లోపల రెండు సిరంజీలు. ఒకటి నిలువునా చిట్లింది, మందు దూదిలో గడ్డకట్టి ఉంది. రెండోది బాగుంది.

చాలాసేపు ఆ ఒక్కదాన్నీ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నా చిటికెన వేలంత కూడా లేదు.

అప్పుడే సింహాచలం అన్నకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 

"ఒకటే మిగిలిందా? మరేటీ, ఏసీసుకో."

"నీ సంగతో?"

"మగోడి ఎముక. నాకేటవుద్ది?"

"మగాళ్ల ఎముకలు అరగవా అన్నా?"

"అరుగుతాయి గానీ సెప్పుకోవు," అన్నాడు.

సగం సగం వేసుకుందామంటే కుదరదు. సగం మోతాదు ఇద్దరికీ చాలదు. భూమితో మాట్లాడే రోజు దాకా ఆగాను. ఫర్హానా గారు మా ఇద్దరి పరీక్షలూ ముందు పెట్టుకుని మాట్లాడారు. గొంతు మామూలుగానే ఉంచడానికి చూశారు.

"ఇద్దరిలో మీకే ముప్పు ఎక్కువ. అండాశయాలు లేవు, స్టెరాయిడ్ వాడారు, అమ్మగారికి తుంటి విరిగింది. మందు మీరే వేసుకోవాలి. సింహాచలం గారికి వారానికొక మాత్ర ఇవ్వొచ్చు గానీ ఆయనకు అన్నవాహికలో పుండుంది. ఆ మాత్ర దాన్ని మళ్లీ రేపుతుంది. ఓడ వచ్చేదాకా కసరత్తు, ఆహారం, జాగ్రత్త. అంతకన్నా నా దగ్గర ఏమీ లేదు."

"ఓడ ఎప్పుడొస్తుందండీ?"

ఈసారి ఆ రెండు మూడు క్షణాలు చాలా ఎక్కువనిపించాయి.

"ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా."

పొట్ట మీద చర్మం పట్టుకుని సూది దింపుకున్నాను. మందు చల్లగా పాకింది. ఆ తర్వాత ఫోను దగ్గరికి వెళ్లాలని ఉన్నా వెళ్లలేకపోయాను. కాసేపటికి తనే చేశాడు.

"ఏసుకున్నావా?"

"వేసుకున్నా."

"అమ్మయ్య," అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది.

పద్దెనిమిదో పగలు, మొదటి వారం

పోయిన చీకటంతా ఆయన నాతో పాటు నడిచాడు. మాట తప్పలేదు. పగలు వచ్చాక అడుగుల చప్పుడులో ఏదో తేడా వచ్చింది. ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడ్చినట్టు. ఏమైందని అడిగితే పట్టా బెల్టు పట్టేసిందన్నాడు.

నవ్వు కూడా మారింది. మధ్యలో తెగిపోతోంది. ఒకసారి తుమ్మాడు, వెంటనే ఫోను చప్పుడు చేయకుండా కింద పెట్టాడు. మళ్లీ తీసుకునే సరికి గొంతు సన్నగా ఉంది.

"అన్నా, వీపు నొప్పా?"

"నీటి డబ్బా ఎత్తినాను, కాస్త పట్టీసింది. అంతే."

"వంగి ఎత్తావా? డాక్టరమ్మ వంగొద్దందిగా!"

"వంగకుండా ఎత్తడానికి ఇక్కడ క్రేను లేదు గదా."

ఎన్నాళ్ల నుంచని అడిగితే మాట మార్చాడు. వరహాలమ్మ వండే నెత్తళ్ల చేపల ఇగురు గురించి చెప్పడం మొదలెట్టాడు. ముల్లుతో సహా నమిలేవాళ్లమని, ఆ రోజుల్లో ఎముకల సంగతి ఎవరికీ తెలియనక్కర్లేకపోయిందని. నేను వింటూ ఉండిపోయాను. గట్టిగా అడిగితే ఆ కాస్త కబురూ ఆపేస్తాడని భయమేసింది.

పద్దెనిమిదో పగలు, మధ్యలో

నడక వేళకు ఫోను చేశాను. తియ్యలేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను. మళ్లీ చేశాను. అటువైపు మోగుతూనే ఉంది.

మర్నాడు కూడా అంతే.

ప్రమాదమైతే రేడియో వాడొచ్చు. మీట నొక్కి భూమిని పిలిచాను. ఫర్హానా గారు వచ్చారు.

"రోవరు మీద వెళ్తానండీ," అన్నాను.

"ఆ నేల మీద రోవరు ఎలా కుదుపుతుందో మీకు తెలుసు. మీ వెన్ను ఇంకా బలహీనంగానే ఉంది. మందు కాపాడుతుంది గానీ ఎముకను ఇనుము చేయదు. మీక్కూడా ఏదైనా అయితే మీ దగ్గరికి వచ్చేవాళ్లు లేరు సలోమి గారూ."

"ఇప్పుడు ఆయన దగ్గరికి వెళ్లేదాన్ని మాత్రం ఉన్నాను కదండీ."

అటువైపు కాగితాలు తిప్పుతున్న చప్పుడైంది. 

"నెమ్మదిగా వెళ్లండి," అన్నారు చివరికి. "నడుము బెల్టు బిగించుకోండి. సీటు కింద ఉన్న మెత్తలన్నీ వేసుకోండి. గుంట కనిపిస్తే దిగి నడిచి, రోవరును ఖాళీగా దాటించండి. ఆయన్ని ఎత్తాల్సి వస్తే మోకాళ్లు వంచండి, నడుం వంచకండి."

తీగ వెంబడే వెళ్లాను. బూడిద రంగు నేల మీద నల్లటి గీతలా అది సాగిపోతూ ఉంటుంది. దాన్ని పరిచినవాళ్ల బూట్ల గుర్తులు ఇంకా చెక్కుచెదరలేదు. రోవరు మనిషి నడకంత వేగంతో పోతోంది. ప్రతి కుదుపుకీ పళ్లు బిగబట్టాను, వెన్నులో ఏమైనా నలిగిందేమోనని ఆగి చూసుకున్నాను. గుంటల దగ్గర దిగి నడిచాను. హెల్మెట్లో నా ఊపిరి తప్ప ఇంకో శబ్దం లేదు. హార్బరు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కిటికీ అవతల అలలైనా ఉండేవి. ఇక్కడ చెవులు ఏదో ఒకటి వెతుక్కుని వెతుక్కుని అలిసిపోతాయి. నేను ఆయనతో గట్టిగా మాట్లాడటం మొదలెట్టాను. వస్తున్నా అన్నా, కదలబాకు, అని. ఎవరికీ వినపడదని తెలుసు.

పద్దెనిమిదో పగలు, పడమటి కేంద్రం

సింహాచలం అన్న పడక పక్కన నేల మీద ఉన్నాడు. బతికి ఉన్నాడు.

పట్టా దిగుతుంటే వీపులో ఏదో విరిగినట్టు టక్కున శబ్దమైందట. కాళ్లు ఆడుతున్నాయి గానీ లేవబోతే నొప్పికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. నీటి గొట్టం చేతికి దగ్గరగా ఉండటంతో ప్రాణం నిలిచింది.

"ఫోను మోగుతుంటే వినబడతానే ఉన్నాది సెల్లెమ్మా," అన్నాడు నన్ను చూడగానే. "సెయ్యి అందలేదు. మోగినప్పుడల్లా, ఇదిగో, ఇప్పుడు సలోమి ఫోను కాడ నిలబడి ఉంటాది అనుకున్నాను."

మోకాళ్లు వంచి, నడుం నిటారుగా ఉంచి ఆయన్ని రెండు చేతుల మీద ఎత్తాను. రేవులో క్రేను నడిపిన అంత మనిషి పసిపిల్లాడి బరువు కూడా లేడు. పడక మీద పెట్టి, నొప్పి మాత్ర వేసి, రోవరు సీటు మెత్తలతో నడుము చుట్టూ దడి కట్టాను. అక్కడి మందుల పెట్టెలో ఉన్న చేతి ఎక్స్‌రే యంత్రంతో వీపు చిత్రం తీసి భూమికి పంపాను. మూడు వెన్నుపూసలు నలిగాయి.

ముఖం ఒళ్లు తుడిచాను. చారు కాచి అన్నం మెత్తగా పిసికి పెట్టాను.

"నా సారు కంటే బాగులేదు," అన్నాడు.

"లేచి కాసుకో అయితే."

నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు. నేను పక్కకు తిరిగి గిన్నె కడిగాను.

"నీ మొకం మర్సిపోనాను తెల్సా," అన్నాడు కాసేపాగి. "గొంతుకి వేరే మొకం అనుకుంటన్నాను ఇన్నాళ్లూ. నువ్వు ఇంకా పొడుగనుకున్నాను."

"నేనూ అంతే. నువ్వు ఇంకా లావు అనుకున్నా."

పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాను. నొప్పి తగ్గాక మొదట కూర్చోబెట్టాను, తర్వాత గోడ పట్టుకుని నిలబెట్టాను. ఇక్కడ ఒంటి బరువు తక్కువ కాబట్టి అది సాధ్యమైంది. చివరికి ఊతమేదీ లేకుండా గది చివరి దాకా నడిచాడు. ఒక మనిషి మూలుగు, ఊపిరి, పాదాల చప్పుడు గోడకు ఇవతలే వినడం నాకెంత కొత్తగా ఉందో ఎవరికీ చెప్పలేను. చీకటి పడితే రోవరు కదలదు, యాంటెన్నాలు వదిలి ఉండనివ్వరు. ఫోనును ఆయన పడకకు కట్టి వెనక్కి వచ్చేశాను.

పంతొమ్మిదో పగలు

ఓడ వచ్చింది. మందులు వచ్చాయి. సింహాచలం అన్నకు సూది పడింది. నా స్థానంలోకి వాసంతి అనే ఆవిడ దిగింది, మదనపల్లె మనిషి, బడిలో లెక్కలు చెప్పి మానేసిందట. దుమ్ము దులపడం ఒక పూటలో నేర్చుకుంది.

నాకు పరీక్ష చేశారు. భూమి మీదికి దిగేటప్పుడు ఓడ ఒంటిని కుక్కినట్టు నొక్కుతుంది. ఒక హద్దు కన్నా పలచబడ్డ ఎముకలు ఆ నొక్కుడుకు ఆగవు. నేను హద్దుకు ఇవతలే ఉన్నాను, కాస్తలో. నడుముకి గట్టి కవచం వేసి దించుతామన్నారు.

సింహాచలం అన్న సంగతి వేరు. దిగే దారిలో నలిగిన పూస జరిగితే కాళ్లు పడిపోవచ్చని ఫర్హానా గారు చెప్పారు. బాగా మానాక, ఏడాది తర్వాత మళ్లీ చూద్దామన్నారు. ఈసారే రిస్కు తీసుకుంటానంటే తొట్టి సీటులో పడుకోబెట్టి తెస్తారు. ఆయన ఇష్టం.

వాసంతిని నా కేంద్రంలో ఉంచి, ఓడలో మిగతావాళ్లం పడమటి కేంద్రానికి వెళ్లాం. ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"రానమ్మా," అన్నాడు నేను అడక్కముందే.

"ఏడాది తర్వాతైనా?"

"ఏడాదికీ వద్దు. ఆలోసించీసినాను. కిందికెళ్తే నాకు మంచం. ఎవులో ఒకులు తిప్పి పడుకోబెట్టాలి. ఇక్కడ నా కాళ్ల మీద నాను తిరుగుతన్నాను గదా. నా సారు నాను కాసుకుంటన్నాను. ఈ ఎముకలకి ఈ ఊరే సరిపోద్ది."

"నేను వేసుకోకపోతే ఆ మందు నీకు పడేది."

"అలగైతే నువ్వు ఇక్కడుండేదానివి, నాను కిందికెళ్లి క్యాంటీన్లో తినీవోణ్ణి. నీకు సెల్లెలున్నాది. బేగి ఎల్లు."

"నేనూ ఉండిపోతా అన్నా."

ఆయనకు నిజంగా కోపమొచ్చింది. "ఎందుకూ? అంత మందు ఏసుకుని, అన్నాళ్లు పట్టా మీద సచ్చి, ఇక్కడ నా మొకం సూడ్డానికా? ఆ కొత్తామెకి నడిసీవేళ ఏటో సెప్పీసి ఎల్లు."

అక్కడి ఫోనులోంచే వాసంతికి చెప్పాను. ఫోను పట్టా పక్కన ఎలా పెట్టాలో వివరించాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చాలా తేలికగా ఉంది. ఓడ తలుపు మూశాక చిన్న అద్దంలోంచి చూశాను. గోడ పట్టుకోకుండా నిలబడి ఉన్నాడు.

భూమి, రెండో వారం

ఇక్కడ రాయమని ఎవరూ అడగలేదు. అలవాటు పోక రాస్తున్నాను.

దిగేటప్పుడు ఒక పక్కటెముక చిట్లింది. వెన్ను నిలబడింది. అంతకన్నా అదృష్టం అడగకూడదన్నారు ఫర్హానా గారు. ఆవిడను ముఖాముఖి చూడటం ఇదే మొదలు. మాట అన్న వెంటనే జవాబిస్తుంటే నాకు తడబాటుగా ఉంది.

మొదటి రోజుల్లో కనురెప్పలు కూడా బరువే. చెయ్యి ఎత్తాలంటే ఎవరిదో చెయ్యి ఎత్తుతున్నట్టుంది. నా చెల్లెలు కెజియా ఆస్పత్రికి వచ్చింది. పరుగున వచ్చి వాటేసుకోబోతే నర్సు ఆపింది. పక్కటెముక మానేదాకా నన్నెవరూ కౌగిలించుకోకూడదట. కెజియా మంచం పక్కన కూర్చుని నా వేళ్లు పట్టుకుని ఏడ్చింది. ఏడాదిన్నరగా నన్ను తాకిన చేతులే తక్కువ, ఇప్పుడు తాకడానికి కూడా కొలత పెట్టారు.

ఇల్లు సర్దానని చెప్పింది. స్నానాల గదిలో గోడకు కమ్మీ పెట్టించింది. కాలి కింద జారే చాపలన్నీ తీసేసింది. గుమ్మం దగ్గర దీపం పెట్టించింది. అన్నీ నాకోసమే.

"రాగులు కూడా కొని పెట్టానక్కా. నాకా వాసన పడదు, నువ్వే తాగాలి."

కవచం కట్టుకుని మంచం చివర కూర్చోవడం నేర్చుకున్నాను. నాలుగు కాళ్ల ఊత పట్టుకుని నిలబడటం నేర్చుకున్నాను. కొత్త మందు మొదలెట్టారు, రోజూ వేసుకునేది, ఎముకను కట్టేది. ఎంత వరకు కట్టగలదో చూడాలన్నారు. పడమటి కేంద్రం నుంచి కబురు ఉందని ఒకసారి చెప్పారు. సింహాచలం గారు నడుస్తున్నారు, కొత్తావిడను లెక్కలు అడిగి విసిగిస్తున్నారు, అని. అంతే. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

భూమి, మూడో వారం

ఇవాళ పొద్దున ఎండలోకి తీసుకెళ్లారు. వార్డు వెనక వరండా, దానికి అవతల ఇటుకలు పరిచిన దారి. గాజు అడ్డం లేని ఎండ. కెజియా ఊత తెచ్చి నా ముందు పెట్టింది.

"మెల్లగా లే అక్కా. తొందరేం లేదు."

మోకాళ్లు నిటారు చేసి లేచాను. ఊత మీద చేతులుంచి తల ఎత్తాను. ఎదురుగా కెజియా. ఇన్నాళ్లూ అది వచ్చినప్పుడల్లా నేను పడుకునో కూర్చునో ఉన్నాను, ఆమె పక్కన నిలబడటం ఇదే మొదలు.

ఆమె కళ్లు నా కళ్లకు కాస్త దిగువన ఉన్నాయి.

నాకేదో తేడాగా అనిపించింది గానీ వెంటనే అర్థం కాలేదు. కెజియా నాకంటే నాలుగు వేళ్లు పొడుగు. చిన్నప్పుడు అటక మీది డబ్బాలు అదే దించేది. మా అమ్మ దాన్ని తాటిచెట్టని పిలిచేది. నేను పైన ఉండి కాస్త సాగి ఉంటాను, అది మామూలే, కానీ అది ఒక వేలు మందం ఉంటే గొప్ప. కెజియా చీర కట్టులో, భుజాల వెనక, వీపు పైభాగం చిన్నగా గూడు కట్టినట్టు ముందుకు వంగి ఉంది.

"కెజియా, నువ్వు నిటారుగా నిలబడు."

"నిలబడే ఉన్నాగా."

"వీపు నొప్పి ఉందా?"

"ఉంటే ఉందిలే. పోయిన ఏడాది బియ్యం బస్తా జరిపితే పట్టేసింది. మందు రాసుకున్నా, తగ్గింది. ఇప్పుడెందుకది?"

"ఎముకల పరీక్ష చేయించుకున్నావా ఎప్పుడన్నా?"

"నాకేందక్కా? చంద్రుడి మీదికి పోయింది నువ్వు."

అమ్మ ఇద్దరికీ ఒకటే. ఆపరేషను కూడా ఇద్దరికీ ఆ ఊళ్లోనే, ఒక ఏడాది అటూ ఇటూ. పైన ఉన్నన్నాళ్లూ నా ఒంట్లో ప్రతి ఎముకనూ యంత్రాలు చూశాయి, నాకు జావ గుర్తు చేయడానికి, వంగొద్దని చెప్పడానికి డాక్టరు ఉంది, నా అడుగులు వినడానికి తీగ అవతల ఒక మనిషి ఉన్నాడు. ఈ పిల్ల కింద, ఇంట్లో, ఒంటరిగా, ఎవరూ చూడకుండా వంగిపోయింది. బస్తాలు జరుపుకుంటూ, నాకోసం కమ్మీలు పెట్టిస్తూ.

కెజియా అక్కడున్న కుర్చీ చూపించి కూర్చోమంది. కూర్చోలేదు.

"ఫర్హానా గారి గది ఎటు?"

"ఆ చివర. పిలుస్తా ఉండు."

"నువ్వు పిలవొద్దు. ఆ కుర్చీ ఎత్తబాకు, అక్కడే ఉంచు. నా పక్కన నడువు."

"డాక్టరమ్మ నిన్ను పది అడుగులకు మించి నడవద్దంది అక్కా!"

ఊత ముందుకు పెట్టాను. ఒక అడుగు. మళ్లీ పెట్టాను. ఇంకో అడుగు. ఎక్కడా పట్టీ లేదు, లాగేది ఏమీ లేదు, అయినా మడమ నేలకు తగిలినప్పుడల్లా తుంటి దాకా తెలుస్తోంది. కెజియా పక్కన నడుస్తూ గొణుగుతూనే ఉంది, నాకేం లేదక్కా, నీకే అనుమానం ఎక్కువ, అని. దారి మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాను. ఆమె కూడా ఆగింది, నడుము మీద చెయ్యి వేసుకుని.

తలుపు దగ్గరికి చేరి కొట్టాను. లోపలి నుంచి ఫర్హానా గారు వెంటనే పలికారు.

"సలోమి గారూ! ఇంత దూరం మీరెలా వచ్చారు? ఏమైంది?"

"నాకేం కాలేదండీ," అన్నాను. "మా చెల్లెలిని తీసుకొచ్చాను."